శక్తి ఎచ్చటినుండి వచ్చినది? ఎచ్చటికి పోయినది?

"శక్తి అనగానేమి?" అని ప్రాథమిక పాఠశాలలో అడిగినచో, చురుకైన పిల్లవాడు వెంటనే లేచి, "శక్తి అనగా పని చేయగల సామర్థ్యము" అని చెప్పును. ఉపాధ్యాయుడు సంతోషించును. కాని ఆ పిల్లవానినే మరి రెండు ప్రశ్నలు అడిగి చూడవలెను. గోడపైనున్న ఇటుకకు శక్తి కలదా? "లేదు, అది కదలక ఊరకే ఉన్నది గదా" అనును. తలపై బస్తాతో కదలక నిలుచున్న హమాలీ ఆ బస్తా విషయమున పని చేయుచున్నాడా? "చేయుచున్నాడు, చెమటలు కారుచున్నవి గదా" అనును. భౌతికశాస్త్రము ఈ రెండింటికిని సరిగా వ్యతిరేకమైన సమాధానములు చెప్పుచున్నది. అనగా పిల్లవానికి నిర్వచనము వచ్చినది గాని, విషయము రాలేదు.

ఇందు పిల్లవాని దోషమేమియు లేదు. మాటలే కొంత చిక్కు పెట్టుచున్నవి. ఇంటిలో శక్తి యన్నచో ఒంటిలోని సత్తువ. గుడిలో శక్తి యన్నచో అమ్మవారు. ఇక సామర్థ్యమను మాటను తెలుగు భౌతికశాస్త్ర గ్రంథములు వేరొక అర్థమున వాడుచున్నవి. ఒక సెకనులో ఎంత పని జరుగునో తెలుపునది సామర్థ్యము. దానిని వాట్లలో కొలుతురు. శక్తిని కొలుచునది జౌళ్లలో. మూడవ తరగతిలో "శక్తియే సామర్థ్యము" అని నేర్చినవాడు తొమ్మిదవ తరగతిలో "శక్తి వేరు, సామర్థ్యము వేరు" అని విని తికమకపడును. కావున పసివారికి నిర్వచనముతో పాఠము మొదలు పెట్టుట మంచిది కాదు.

విజ్ఞానులకును ఈ భావము సులభముగా చిక్కలేదు. నేడు శక్తికి వాడు పాశ్చాత్య పదమును ఈ అర్థమునకు దగ్గరగా తొలుత ప్రయోగించినవాడు ఇంగ్లండు దేశీయుడు థామస్ యంగ్; అది 1807 నాటి మాట. అంతకు ముందు 1798లో రమ్‌ఫర్డ్ ప్రభువు, ఫిరంగి గొట్టములను తొలుచునపుడు పుట్టు వేడికి అంతులేకుండుట చూచి, వేడి యనునది ఒక పదార్థము కాదని వాదించెను. 1840లో జావా ద్వీపమునకు పోవు ఓడలో వైద్యుడుగా వెళ్లిన జర్మను దేశీయుడు రాబర్ట్ మేయర్, ఉష్ణదేశమున నావికుల సిరల రక్తము ఎక్కువ ఎఱ్ఱగా ఉండుట గమనించి, ఆహారమునకు, దేహపు వేడికి, పనికి గల సంబంధమును గూర్చి ఆలోచించెను. ఆ దశాబ్దములోనే మాంచెస్టరు నగరపు జేమ్స్ జౌల్, బరువులు క్రిందికి దిగునపుడు నీటిలో రెక్కలు తిరుగునట్లు అమర్చి, నీరు ఎంత వేడెక్కునో కొలిచెను. ఇందరు పెద్దలు ఇన్ని సంవత్సరములు కష్టించి తెలిసికొన్న విషయమును ఒక్క వాక్యములో పసివానికి అప్పజెప్పుట న్యాయము కాదు.

మరి పాఠమును ఎట్లు మొదలు పెట్టవలెను? రెండే ప్రశ్నలతో. ఏ వస్తువు కదలినను, వేడెక్కినను, వెలిగినను "ఇది ఎచ్చటినుండి వచ్చినది?" అని ఒక ప్రశ్న. అది ఆగినను, చల్లారినను, ఆరిపోయినను "ఇది ఎచ్చటికి పోయినది?" అని మరియొక ప్రశ్న. ఈ రెండింటికి సమాధానములు వెదకుటకు ప్రయోగశాల అక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల పిల్లలకు వాడలో, పొలములో, కళ్లములో కనబడునవి చాలును.

సిరిసిల్ల సాంచ

సిరిసిల్లలో మరమగ్గమును సాంచ యందురు. సాంచాల చప్పుడు వినక పెరిగిన పిల్లలు ఆ ఊరి నేతవాడలలో అరుదు. సాంచపై నాడె నిమిషమునకు నూరుసార్లకు పైగా ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తి, పడుగు నూలులో పేక నూలును పరచును. ఇచ్చట మొదటి ప్రశ్న అడుగవలెను: నాడెకు ఈ పరుగు ఎచ్చటినుండి వచ్చినది? దానిని కొట్టు కర్రనుండి. కర్రకు? సాంచ ఇరుసునుండి. ఇరుసునకు? మోటారునుండి. మోటారునకు? తీగలో వచ్చు కరెంటునుండి. "మరి కరెంటునకు?" అనుసరికి తరగతి నిశ్శబ్దమగును. అచ్చటనే పాఠము మంచి దారిన పడినదని తెలియవలెను.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఆవలి కొసకు చేరి నాడె టక్కున ఆగినది. దాని పరుగు ఎచ్చటికి పోయినది? కొంత చప్పుడైనది, కాని చప్పుడులోనికి పోవునది బహు స్వల్పము. ఎక్కువ భాగము నాడె తగిలిన చోట, రాపిడి పుట్టిన చోట వేడి యగును. రెండు అరచేతులను గట్టిగా రుద్దుకొనిన పిల్లవానికి ఈ మాట వెంటనే నమ్మకము కలుగును.

ఇదే సిరిసిల్లలో తాతల కాలమున చేమగ్గములు ఉండెడివి. నాడు నాడెను పరుగెత్తించినది నేతగాని చేయి. పలకలను త్రొక్కినది అతని కాలు. ఆ చేతికి, కాలికి శక్తి తిన్న అన్నమునుండి, జొన్నరొట్టెనుండి వచ్చెడిది. నేడు అది తీగలో వచ్చుచున్నది. గుడ్డ నేసినది నాడును నేడును శక్తియే. వచ్చు దారి మాత్రము మారినది. ఆ తీగలు ఈ ప్రాంతపు పల్లెలకు ప్రాకుటలో 1970లో సిరిసిల్లలో ప్రారంభమైన సహకార విద్యుత్ సరఫరా సంఘమునకు గొప్ప పాత్ర కలదు. ఈ దేశమున తొలుత ఏర్పడిన గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అది యొకటి.

ఇచ్చట ఒక చిన్న లెక్క పై తరగతి పిల్లలకు చెప్పదగును. ఒక అశ్వసామర్థ్యము గల మోటారు నిండు బరువుతో గంటసేపు తిరిగినచో ముప్పావు యూనిట్టుకు పైగా కరెంటు ఖర్చగును. ఆరోగ్యవంతుడైన మనిషి దినమంతయు ఆగక చేయగల పని సగటున 75 వాట్ల ప్రాంతమున ఉండును. ఎనిమిది గంటలు శ్రమించినను అది 600 వాట్-గంటలు, అనగా యూనిట్టులో మూడువంతులైన కాదు. ఒక మనిషి దినమంతయు ఒళ్లు వంచి చేయు పనికంటె ఒక్క యూనిట్టు ఎక్కువ! ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఊరక వెలుగుచున్న దీపమును చూచి మిన్నకుండడు.

జగిత్యాల నీరు

కదలుచున్న వస్తువునకు శక్తి గలదనుట పిల్లలు సులభముగా ఒప్పుకొందురు. దీనిని గతిశక్తి యందురు. కదలక ఉన్నదానికిని శక్తి ఉండవచ్చుననుట వారికి కష్టము. ఇందులకు ఒక గోలీ, కొంచెము మెత్తని తడి ఇసుక చాలును. గోలీని జానెడు ఎత్తునుండి విడిచినచో ఇసుకలో చిన్న గుంట పడును. నిలువెత్తునుండి విడిచినచో పెద్ద గుంట పడును. గోలీ అదే, ఇసుక అదే. మారినది ఎత్తు మాత్రమే. కావున ఆ గుంటను త్రవ్విన శక్తి గోలీని పైకెత్తినపుడే దానిలో దాగినది. దానిని దాచినది ఎత్తిన చేయి. దీనినే స్థితిశక్తి యందురు. గోడపైని ఇటుకకు శక్తి గలదా యను ప్రశ్నకు పిల్లవాడు ఇపుడు తనంత తానే సమాధానము చెప్పగలడు.

గోలీ చెప్పిన సంగతినే నీరు పెద్ద అక్షరములతో చెప్పును. 1963 జులై 26న పోచంపాడువద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము గోదావరి నీటిని ఎత్తుగా నిలిపియుంచినది. అచ్చటినుండి బయలుదేరు కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతము గుండా సాగి పొలములను తడుపుచున్నది. కాలువ మొదట నీరు దిగుచోట జలవిద్యుత్ కేంద్రము కలదు. 9 మెగావాట్ల యంత్రములు నాలుగు, మొత్తము 36 మెగావాట్లు. నీరు తన ఎత్తును విడిచి కరెంటును ఇచ్చి, తరువాత చేనికి పోవును. నీరు ఖర్చు కాలేదు; దాని ఎత్తు మాత్రమే ఖర్చైనది.

దీనికి ఎదురుగా జరుగు పనియు ఈ చుట్టుప్రక్కలనే కలదు. కరీంనగర్ జిల్లా రామడుగు మండలములోని లక్ష్మీపూర్ వద్ద భూమి లోపల నిర్మించి 2019లో ప్రారంభించిన గాయత్రి పంపుహౌసులో, ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు 7 కలవు. అవి నీటిని నూరు మీటర్లకు పైగా ఎత్తునవి. ఒక ఘనపు మీటరు నీటిని, అనగా వేయి లీటర్లను, నూరు మీటర్లు ఎత్తుటకు ఎంత తక్కువైనను పావు యూనిట్టుకు పైగా శక్తి కావలెను. పోచంపాడులో నీరు దిగి శక్తిని ఇచ్చినది. లక్ష్మీపూరులో నీరు పైకెక్కుటకు శక్తిని పుచ్చుకొన్నది. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ఒకే లెక్కలోనివి. వ్యవసాయపు బావివద్ద బోరు మోటారును చూచు పిల్లవానికి ఇంత దూరము పోకుండనే ఈ పాఠము చెప్పవచ్చును.

అన్నము, పల్లీగింజ, హమాలీ

ఇక పిల్లవాడు తనను గూర్చియే అడుగును: "మరి నేను మెట్లెక్కితిని గదా, నాకెచ్చటిది?" 25 కిలోల బరువున్న పిల్లవాడు 3 మీటర్ల మేడ ఎక్కినచో అతనిలో చేరిన స్థితిశక్తి సుమారు 735 జౌళ్లు. అరగ్రాము తూగు ఒక్క పల్లీగింజలో రసాయనిక శక్తి రూపమున సుమారు 12,000 జౌళ్లు ఉండును. మన కండరములు ఆహారపు శక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే ఇట్టి పనిగా మార్చగలవు. అయినను ఒక్క గింజతో నాలుగుసార్లు మేడ ఎక్కవచ్చునన్న మాట.

జగిత్యాల వరిపొలములకు పేరు పొందినది. పొలాసలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రమున రూపొందిన "జగిత్యాల సన్నాలు" రైతులకు తెలిసిన రకము. ఒక కిలో బియ్యములో నున్న శక్తి సుమారు 3,500 కిలోకాలరీలు. కరెంటు లెక్కలో చెప్పినచో దాదాపు 4 యూనిట్లు. సాంచను త్రిప్పు యూనిట్టును, అన్నపు ముద్దను ఒకే త్రాసులో తూచవచ్చుననుటయే శక్తి భావములోని గొప్పతనము.

ఇచ్చటనే బస్తా మోయు హమాలీ సంగతి చెప్పవలెను. ఇది చిన్న విషయము కాదు. "నిలుచున్న మనిషి పని చేయుటలేదు" అని పాఠములో చదివిన పిల్లవాని తండ్రియే ఆ హమాలీ కావచ్చును. శాస్త్రము తన తండ్రి కష్టమును కాదన్నదని ఆ పిల్లవాడు తలచినచో, అతడు శాస్త్రమునే నమ్మడు. నిజమేమనగా, బస్తా ఎత్తు మారలేదు గనుక బస్తాలో క్రొత్తగా శక్తి చేరలేదు. శాస్త్రము చెప్పునది అంతమాత్రమే. కాని బస్తాను నిలిపియుంచుటకు అతని కండరములలోని సన్నని పోగులు క్షణక్షణము ముడుచుకొనుచు, వదులగుచు ఉండును. అందులకు ఆహారపు శక్తి ఖర్చగుచునే యుండును. అది అంతయు వేడి యగుచున్నది. చెమటకు కారణమదియే. "ఎచ్చటికి పోయినది?" అను ప్రశ్న అడిగినచో తండ్రి చెమటయు శాస్త్రమును ఒక్క మాటే చెప్పును.

కోరుట్ల పసుపు

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల రైతులు పసుపు పండింతురు. త్రవ్విన పసుపు కొమ్ములను పెద్ద కడాయిలలో ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి త్రిప్పి మెరుగు పెట్టుదురు. ఈ మూడు పనులును శక్తి పాఠములే. ఉడికించుటకు శక్తి పొయ్యిలోని కట్టెలనుండి వచ్చినది. మెరుగు పెట్టుటకు త్రిప్పు చేతినుండియో మోటారునుండియో వచ్చినది. మరి ఎండబెట్టుటకు? "ఊరకే ఎండినది" అని పిల్లలు అందురు. ఊరకే కాదు. 100 కిలోల పచ్చి పసుపు ఎండిన పిదప సుమారు 20 కిలోలు మిగులును. పోయిన 80 కిలోలు నీరు. అంత నీటిని ఆవిరి చేయుటకు సుమారు 50 యూనిట్ల శక్తి కావలెను. బిల్లు ఇవ్వని సూర్యుడు ఆ పని చేసి పెట్టుచున్నాడు.

పొయ్యి చల్లారిన పిదప ఆ వేడి ఎచ్చటికి పోయినది? గాలిలోనికి, నేలలోనికి, కడాయిలోనికి. అది మాయము కాలేదు, పలుచబడినది. పిల్లలకు ఇది తెలియుటకు వడ్ల లెక్క చెప్పవచ్చును. గుమ్మిలోని వడ్లను గంపకు, గంపనుండి బస్తాకు, బస్తానుండి బండికి మార్చినపుడు ప్రతి మార్పునను కొన్ని గింజలు నేల రాలును. బండిలోని వడ్లను, నేల రాలిన గింజలను కలిపి కొలిచినచో గుమ్మి లెక్క సరిపోవును. ఒక్క గింజయైనను మాయము కాదు. కాని దుమ్ములో చెదరిన గింజలను ఏరుట కష్టము. శక్తియు నంతే. ప్రతి మార్పునను కొంత వేడియై చుట్టుప్రక్కల చెదరును. మొత్తము తరుగదు, మనకు పనికివచ్చు భాగము తరుగును. మొదటిది శక్తి నిత్యత్వ నియమము. రెండవది మనము కరెంటును, కట్టెలను పొదుపు చేయవలసిన కారణము. శక్తి నశించదని చెప్పుచునే పొదుపు చేయుమనుట ఏమని అడుగు తెలివైన పిల్లవానికి ఇదియే సమాధానము.

వేడిగా మారిన శక్తిని పెద్దలు సైతము చిరకాలము గుర్తింపలేకపోవుటకు ఒక కారణము కలదు. ఒక కిలో నీటిని ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు వేడి చేయు శక్తితో అదే నీటిని 427 మీటర్ల ఎత్తుకు ఎత్తవచ్చును. ఏడు చార్మినారులను ఒకదానిపై ఒకటి నిలిపినను అంత ఎత్తు కాదు. అంత ఎత్తునుండి పడిన నీరు, వేడి ఎచ్చటికిని పోకున్నను, ఒక్క డిగ్రీ మాత్రమే వేడెక్కును. ఇంత స్వల్పమైన మార్పును ఓపికతో కొలిచినందుననే జౌల్ పేరు శక్తి ప్రమాణమునకు నిలిచినది.

జాడ వెనుకకు పట్టిన

ఇపుడు సాంచవద్ద నిశ్శబ్దమైన తరగతికి మరలవచ్చును. కరెంటు ఎచ్చటినుండి వచ్చినది? ఈ ప్రాంతమునకు దగ్గరి పెద్ద విద్యుత్ కేంద్రము రామగుండము. అచ్చట 1983లో మొదటి 200 మెగావాట్ల యంత్రము పని ప్రారంభించెను. అచ్చట మండునది బొగ్గు. బొగ్గు వేడిలో మూడవ వంతుకు కొంచెము ఎక్కువ మాత్రమే కరెంటగును. తక్కినది నేల రాలిన గింజల వంటిది. బొగ్గునకు శక్తి ఎచ్చటిది? గోదావరి లోయలో సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము పెరిగిన చెట్లనుండి. చెట్లకు? ఎండనుండి. కాకతీయ కాలువ నీటికి ఎత్తు ఎచ్చటిది? సముద్రపు నీటిని ఆవిరి చేసి మేఘముగా పైకెత్తిన ఎండనుండి. బియ్యమునకు? పల్లీగింజకు? పొయ్యిలోని కట్టెకు? అన్నిటికిని ఎండయే. సిరిసిల్ల సాంచ, జగిత్యాల వరి, కోరుట్ల పసుపు ఒక్క సూర్యునివద్దనే కలిసికొనుచున్నవి. అణువిద్యుత్ వంటివి ఈ వరుసలోనివి కావని పెద్ద తరగతులలో చెప్పవచ్చును. "సూర్యునకు ఎచ్చటిది?" అని అడిగినచో, అచ్చట ఉదజని పరమాణు కేంద్రకములు కలిసి హీలియముగా మారుటవలన అని చెప్పి, మిగిలినది ముందు తరగతులకు ఉంచవచ్చును.

రెండు ప్రశ్నలు, నాలుగు మెట్లు

పసివారికి పాఠమును ఈ క్రమమున చెప్పుట మేలు. మొదట కదలునవి, వెలుగునవి, వేడెక్కునవి చూపవలెను. పిదప గోలీతో, సాగదీసిన రబ్బరుతో, పల్లీగింజతో దాగిన శక్తిని చూపవలెను. పిమ్మట ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారుట. చివర ఎంత వచ్చినదో అంతయు ఎచ్చటనో ఉన్నదను లెక్క. సూత్రములు వలదు. "కరెంటు అయిపోయింది" అని పిల్లవాడు అన్నచో మందలింపక, "ఎచ్చటికి పోయినది?" అని అడిగిన చాలును. నిర్వచనము ఈ నాలుగు మెట్ల తరువాత వచ్చినచో అది కంఠపాఠము కాదు; తెలిసినదానికి పెట్టిన పేరు.

ఈ పాఠము పరీక్షకు మాత్రమే కాదు. ఒక్కసారి త్రిప్పిన ఇక ఆగక కరెంటు పుట్టించు చక్రమనియు, గోడకు తగిలించిన చాలు బిల్లు సగము తగ్గించు పెట్టెయనియు చెప్పి అమ్మువారు ఎల్ల కాలములందును ఉందురు. చదువుకొన్నవారును అట్టివాటికి డబ్బు పోసి మోసపోవుచున్నారు. నేతగాని కొడుకు, రైతు కూతురు పది సంవత్సరముల ప్రాయముననే ఆ పెట్టెను చూచి "ఇందులోనికి శక్తి ఎచ్చటినుండి వచ్చినది?" అని అడుగ నేర్చినచో, ఆ ఇంటి సొమ్ము ఆ ఇంటనే నిలుచును.